సెకండ్‌హ్యాండ్ యుకులేలే కొనే ముందు ఏమేం చూశానంటే

నాలుగు తీగలుండే ఈ చిన్న గిటార్ లాంటి వాయిద్యం ప్రకటనలో పెట్టిన ఫోటోలన్నీ ముందువైపు నుంచి తీసినవే. అందుకని బ్రిడ్జ్ (తీగల కింది చివర్లు కట్టే, బాడీకి జిగురుతో అతికించిన చెక్క) వెనక అంచు, నెక్ (పొడవాటి మెడ) బాడీకి అతికే చోటు దగ్గరగా తీసి పంపమని అడిగాను. అమ్మే ఆయన విసుక్కోకుండా పంపారు. ఆ మాత్రం ఓపిక లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళడం దండగని నా అభిప్రాయం.

ఆయన కాన్సర్ట్ సైజు అన్నారు. టేపు పెట్టి నట్ (తలవైపు తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) దాకా కొలిచాను. సోప్రానోకి 13 అంగుళాలు, కాన్సర్ట్‌కి 15, టెనర్‌కి 17 కాస్త అటూ ఇటూగా వస్తుంది. పదిహేనే వచ్చింది. సాలిడ్ వుడ్ అని రాశారు గానీ, సౌండ్ హోల్ అంచును టార్చ్ వెలుగులో చూస్తే పొరలు పొరలుగా కనిపించింది. అంటే ప్లైవుడ్ రకం. నాకు అది లోపం కాదు, వాతావరణం మారినా అంత తేలిగ్గా పగలదు. కాకపోతే సాలిడ్ వుడ్ ధర ఎందుకివ్వాలి? ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయనకూ తెలియదట, కొన్నప్పుడు అలాగే చెప్పారట.

తీగలు అర స్వరం తగ్గించి ఉన్నాయి. కావాలని చేశారని అనను గానీ, తీగలు వదులుగా ఉంటే బ్రిడ్జ్ మీద లాగుడు తగ్గి అసలు సంగతి బయటపడదు. నేనే జి, సి, ఇ, ఎ లకు శ్రుతి చేసి కాసేపు పక్కన పెట్టాను. తర్వాత పల్చటి కాగితం ముక్కను బ్రిడ్జ్ అంచు కింద దూర్చి చూశాను. ఎక్కడా దూరలేదు. దూరి ఉంటే అక్కడితో లేచి వచ్చేసేవాణ్ణి. నాలుగు తీగల బరువూ సాధారణంగా ఆ జిగురు మీదే ఉంటుంది.

ఎక్కువసేపు పట్టింది పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గరే. అమ్మేవాళ్ళు వాయించి చూపించేది మొదటి మూడు ఫ్రెట్లలోని, కొన్ని స్వరాలు కలిపి మీటే కార్డ్‌లే, అక్కడ దాదాపు ప్రతిదీ బాగానే వినిపిస్తుంది. పన్నెండో ఫ్రెట్ పైన తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటాలి, తర్వాత అక్కడే నొక్కి మీటాలి. రెండుసార్లూ ఒకే స్వరం రావాలి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే మూడు తీగలు బాగానే ఉన్నాయి, సి ఒక్కటి నొక్కినప్పుడు శ్రుతిలో పైకి పోయింది, సుమారు 12 సెంట్లు (అర స్వరంలో వందో వంతు ఒక సెంటు). నాలుగూ పైకి పోతే బ్రిడ్జ్ తప్పు చోట అతికించి ఉండొచ్చు, లేదా తీగలు మరీ ఎత్తులో ఉండొచ్చు. ఒక్కటే పోతే నేను ముందు ఆ తీగనే అనుమానిస్తాను. వేలితో తడిమితే దాని అడుగున ఫ్రెట్లు తగిలే చోటల్లా గాట్లు పడి ఉన్నాయి.

ఎ తీగ మీటినప్పుడల్లా జుయ్‌మని ఒక చప్పుడు. ఫ్రెట్ ఎత్తుగా ఉందేమోనని టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఆ పని ఇంట్లో అయ్యేది కాదు. కానీ ఏ ఫ్రెట్‌లో నొక్కినా, అసలు నొక్కకపోయినా అదే చప్పుడు. ఫ్రెట్ తప్పయితే ఒకటి రెండు చోట్లే వస్తుంది. ట్యూనింగ్ కీలను ఒక్కొక్కటే వేలితో అదిమి పట్టుకుని మీటుతూ పోతే, ఎ కీ పట్టుకోగానే చప్పుడు ఆగిపోయింది. దాని నట్టు వదులైంది, అంతే. ఆయన ఇంట్లోంచి స్పానర్ తెచ్చి అప్పుడే బిగించారు.

ఫ్రెట్ల చివర్లు రెండు మూడు చోట్ల చేతికి గీసుకుంటున్నాయి, వాటిని సన్నటి ఆకురాయితో అరగదీసుకోవచ్చు. సాలిడ్ వుడ్ విషయం, పాత తీగలు కలిపి చెప్పి బేరమాడితే ధర తగ్గించారు, తీసుకున్నాను. తీగలు మార్చాక సి పన్నెండో ఫ్రెట్‌లో దారికొచ్చింది. కొత్త నైలాన్ కదా, సాగడం ఆగేదాకా కొన్నాళ్ళు రోజూ శ్రుతి చేసుకుంటూనే ఉన్నాను.