మూడో అంతస్తుకే ఆయాసపడే ఒంటితో ట్రయాథ్లాన్: 24 వారాల లెక్క

ఈత, సైకిల్, పరుగు ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ ట్రయాథ్లాన్. మొదటిసారికి అందులో స్ప్రింట్ అనే దూరం చాలు. 750 మీటర్ల ఈత, ఆ వెంటనే 20 కిలోమీటర్ల సైకిల్, అది దిగగానే 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీలో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. 3.8, 180, 42.2 కిలోమీటర్ల ఐరన్‌మ్యాన్ ఊసు ఇప్పుడొద్దు. వ్యాయామం ఎరగని ఒంటితో హైదరాబాద్‌లో మొదలుపెట్టి, స్ప్రింట్‌కి నేను పెట్టుకున్న గడువు 24 వారాలు. 12 వారాల్లో అయిపోతుందనే ప్లాన్లూ ఉంటాయి. ఈత వచ్చినవాళ్లకైతే అవి పనికొస్తాయి.

వయసు 40 దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈసీజీ, ఆయన అవసరమంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే టీఎంటీ. బూట్లు కొనడం ఆ తర్వాత.

మూడింట్లో ముందు ఈతే పట్టుకోవాలి. సైకిల్, పరుగు నెమ్మదిగా చేసుకుంటూ పోతే వాటంతటవే వస్తాయి. ఈత అలా కాదు, పద్ధతి తప్పితే ఎంత బలం పెట్టినా ముందుకు వెళ్లం. మొదటి 8 వారాలు వారానికి మూడు రోజులు పూల్‌కే ఇచ్చాను. ఎండాకాలం బ్యాచ్‌లు పిల్లలతో కిక్కిరిసిపోతాయి, గంటలో పావుగంట కూడా తిన్నగా ఈదలేం. జూన్‌లో బళ్లు తెరిచాక చేరితే లేన్ దొరుకుతుంది. కాటన్ నిక్కరుతో చాలాచోట్ల దిగనివ్వరు. నైలాన్ ట్రంకు, క్యాపు ఉండాలి. గాగుల్స్ కొనేటప్పుడు పట్టీ తగిలించుకోకుండా కళ్లకి అదిమి వదలండి. రెండు సెకన్లు అతుక్కుని నిలిస్తే మీ ముఖానికి సరిపోయినట్టు. అద్దం లోపలివైపు వేలితో తుడిస్తే మసక పట్టకుండా వేసిన పూత పోతుంది.

25 మీటర్లకే ఊపిరి చాలట్లేదని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి వాళ్లు ఊపిరి వదలట్లేదు. నీళ్లలో బిగబట్టి, తల తిప్పిన ఆ అర సెకనులోనే వదలడమూ పీల్చడమూ రెండూ చెయ్యాలని చూస్తారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దాంతో కంగారు పుడుతుంది. దీనికి మందు గోడ దగ్గరే ఉంది. నడుము లోతు నీళ్లలో గోడ పట్టుకుని వంగి, ముఖం ముంచి, ముక్కుతో "మ్మ్మ్" అంటూ బుడగలు పూర్తిగా వదలాలి. తల పైకెత్తకుండా పక్కకి తిప్పాలి, ఒక చెవి నీళ్లలోనే ఉండాలి. నోటితో పీల్చి మళ్లీ ముంచాలి. 20 సార్లు ఒక విడత, రోజుకి మూడు విడతలు. రెండు వారాలు ఇది విసుగు పుట్టించే పనే, కానీ దాటేసి చేతులు ఆడించడం మొదలుపెట్టినవాళ్లు మళ్లీ ఇక్కడికే రావాలి.

తర్వాతి తప్పు తల. ఎదురుగా ఏముందో చూద్దామని తలెత్తితే నడుము, కాళ్లు మునిగిపోతాయి. చూపు కిందనున్న గీత మీద ఉండాలి. కాళ్లు మోకాలి నుంచి కాక తొడ మొదలు నుంచి ఆడాలి. నాలుగో వారానికి 25 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్య 30 సెకన్ల విరామం. ఎనిమిదో వారానికి 50 మీటర్లు ఎనిమిది సార్లు. పదహారుకి 200 మీటర్లు మూడు సార్లు. ఇరవయ్యో వారానికి 750 ఏకబిగిన. అంటే 25 మీటర్ల పూల్‌లో ఒక కొస నుంచి మరో కొసకి 30 సార్లు.

మొదటి పోటీకి పూల్‌లో ఈత పెట్టేది దొరికితే అదే ఎంచుకోండి. చెరువులోనో సముద్రంలోనో అయితే కింద గీత ఉండదు, పట్టుకోడానికి గోడ ఉండదు. ఎనిమిది పది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రమే పైకి తేల్చి దారి చూపడానికి నీళ్ల మీద తేలేలా కట్టిన బోయా ఎటుందో చూసుకోవాలి. ఫ్రీస్టైలే ఈదాలన్న నియమం లేదు, అలసిపోతే బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదొచ్చు, వెల్లకిలా తేలొచ్చు. బోయానో కాపలా పడవనో పట్టుకుని ఆగడానికీ సాధారణంగా ఒప్పుకుంటారు. పట్టుకుని ముందుకు జరగకూడదు, అంతే. చెరువులో సాధనకి ఒంటరిగా మాత్రం దిగొద్దు.

సైకిల్‌కి లక్షలు పొయ్యక్కర్లేదు, రోడ్డు సైకిల్‌కీ కొండల సైకిల్‌కీ మధ్యరకమైన హైబ్రిడ్ చాలు. సీటు ఎత్తు మాత్రం సరిచెయ్యాలి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేది ముంగాలితో కాబట్టి అప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. మోకాలి ముందు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు. వెనక నొప్పి వచ్చినా, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగినా పైకి ఉన్నట్టు. బరువు గేరులో కుమ్మెయ్యడం తొడల్ని తినేస్తుంది, పరుగుకి ఏమీ మిగలదు. 15 సెకన్లలో కుడి మోకాలు 20 సార్లు పైకి రావాలి, అంటే నిమిషానికి 80. ఆ లెక్కకి ఏ గేరు కుదిరితే అదే మీ గేరు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ సిగ్నళ్ల గొడవ లేకుండా ఒకే వేగంతో తొక్కడానికి బాగుంటుంది. కాలనీ రోడ్ల మీద కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడిస్తే చాలాసార్లు వాటికే ఆసక్తి పోతుంది.

పంక్చర్ వేసుకోవడం ఇంట్లోనే నేర్చుకోవాలి. ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోయిందంటే ముల్లు టైర్లోనే ఉన్నట్టు. కొత్త ట్యూబు పెట్టేముందు టైరు లోపల గుడ్డ తిప్పండి, తుమ్మముల్లు ఉంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. ఇంకొకటి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్న సైకిళ్లకి మామూలు పంక్చర్ షాపు పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో పడేసుకోవాలి.

పరుగు వారానికి మూడు రోజులు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు. పరిగెడుతూ నెల సరుకుల చీటీ చదివి వినిపించగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. పన్నెండో వారానికి ఆగకుండా 20 నిమిషాలు వస్తుంది. మోకాలి కింద ముందువైపు ఎముక పొడవునా సలుపుతుంటే, తొందరపడి దూరం పెంచారన్నమాట. నొప్పి పోయేదాకా పరుగు ఆపి ఈత, సైకిల్ చేసుకోండి. ఒక్కచోట వేలు పెడితేనే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ఎముక బీట కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి.

పద్నాలుగో వారం నుంచి వారానికోసారి బ్రిక్, అంటే 15 కిలోమీటర్లు తొక్కి, దిగిన వెంటనే ఒకటి రెండు కిలోమీటర్ల పరుగు. కాళ్లు దిమ్మెక్కి మనవి కానట్టుంటాయి. తమాషా ఏమిటంటే, నెమ్మదిగా వెళ్తున్నామనుకుంటూ వేగంగా పరిగెత్తేస్తాం. పెడల్ లయ కాళ్లను వదలదు. మొదటి కిలోమీటరు కావాలనే తగ్గించుకోవాలి.

ఎంత నీళ్లు తాగాలో తూకమే చెబుతుంది. గంట సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకీ దాదాపు లీటరు చెమట పోయినట్టు. పోయినదానికి మించి మాత్రం తాగొద్దు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, చిక్కగా ఉంటే మంచిదని అర లీటరులో కలిపితే కడుపు తిప్పుతుంది. పోటీ రోజు రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, అరటిపండు నాకు సరిపడ్డాయి. ఆ రోజు కొత్త ఎనర్జీ జెల్లు, కొత్త బూట్లు ఏవీ వద్దు.

చివరిది ఈత నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారే చోటు, పోటీ భాషలో ట్రాన్సిషన్. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగొచ్చి స్టాండుకి తగిలించాకే విప్పాలి. తప్పితే శిక్ష పడుతుంది. అందుకే హెల్మెట్‌ని తలకిందులుగా, పట్టీలు బయటికి వేలాడేలా హ్యాండిల్ మీద పెడతారు. కింద తువ్వాలు, దాని మీద నోరు తెరిచి పౌడర్ చల్లిన బూట్లు. ముడి వెయ్యక్కర్లేని ఎలాస్టిక్ లేసులు వందల రూపాయల్లోనే దొరుకుతాయి. ఆ చోటు బయట నేల మీద గీసిన గీత దాటాకే సైకిల్ ఎక్కాలి, వచ్చేటప్పుడు గీతకి ముందే దిగాలి. ఇదంతా పోటీకి ముందు వారం తడి ఒంటితో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పదిసార్లు చెయ్యండి. వాచ్‌మన్ వింతగా చూస్తాడు. నాకు మొదటిసారి నాలుగు నిమిషాలు, పదోసారికి రెండు.