తుంగభద్ర పై కాలువ చివర

2024 ఆగస్టు 11, ఆదివారం. తెల్లారకముందే నాయన ఫోన్ చేశాడు. ఆ టైముకు ఊరినుంచి ఫోన్ వస్తే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని భయం. "డ్యాం గేటు కొట్టుకపోయిందంట రా, పందొమ్మిదోది" అన్నాడు. తర్వాత కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. డ్యాం నిండిందన్న ధైర్యంతోనే ఆ ఏడు మా వాళ్లు నారు పోసుకున్నారు.

మాది అనంతపురం జిల్లాలో, కణేకల్లు వైపు ఒక ఊరు. మా నేలకు నీళ్లిచ్చేది తుంగభద్ర ఎగువ కాలువ, అందరూ హెచ్చెల్సీ అంటారు, మా జేజి మాత్రం చివరిదాకా 'పై కాలువ' అనే అంది. ఆ 'పై' అన్న మాటలోనే మా కథంతా ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది, అందుకే ఇది రాస్తున్నాను.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే నేల మాది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి తేలికైపోతాయి, ఈశాన్య రుతుపవనాలేమో తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి ఓపిక లేక ఆగిపోతాయి. కానీ కనుమల్లో కురిసిన ఆ వానే తుంగగా, భద్రగా పుట్టి, కూడ్లి దగ్గర కలిసి, హొస్పేట మీదుగా మనకు పక్కనుంచే పోతుంది. పక్కనుంచి పోయే నీళ్లను పైకెత్తి మన వైపు తిప్పడం, డ్యాం అంటే మాకు అదే.

1860 ప్రాంతంలోనే ఆర్థర్ కాటన్ ఈ నదికి ఆనకట్ట ఆలోచన చేశాడు. ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది, ఈ ప్రాంతంలో లక్షల మంది పోయారు, అయినా డ్యాం రాలేదు. నదికి ఒక ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీది, ఇంకో ఒడ్డు నిజాంది, ఎవరి నీళ్లెన్ని అన్న దగ్గరే దశాబ్దాలు గడిచాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ పెద్దలు తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు మొదటి హక్కు కావాలని రాయించుకున్నది ఉత్తినే కాదు, ఆ కరువులు చూసిన ఇళ్లనుంచి వచ్చినవాళ్లు వాళ్లు. చివరికి 1945 ఫిబ్రవరి 28న ఇటు మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్, అటు నిజాం కొడుకు బీరార్ యువరాజు చెరో ఒడ్డున శంకుస్థాపన చేశారు. 1953లో నీళ్లు నిలిపారు. అదే ఏడు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి, హొస్పేట మైసూరు రాష్ట్రానికి, అంటే ఇప్పటి కర్ణాటకకు పోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు మిగిలాయి. కట్ట అక్కడ, మా మడి ఇక్కడ. అందుకే రాష్ట్రపతి ఉత్తర్వుతో తుంగభద్ర బోర్డు పెట్టారు.

ఆ కట్టను నేను మొన్న దసరాకు నాయనతో కలిసి చూసొచ్చాను. రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవు, దాదాపు 50 మీటర్ల ఎత్తు. రాయి మీద రాయి పేర్చి సున్నమూ సుర్కీ కలిపిన గారతో కట్టారు. సుర్కీ అంటే కాల్చిన మట్టిని మెత్తగా దంచిన పొడి. మద్రాసు వైపు ఇంజనీర్ తిరుమల అయ్యంగార్ దీని నిర్మాణంలో ముఖ్యుడు. నాయన గోడ మీద చెయ్యి పెట్టి "ఎంతమంది మోసినారో ఈ రాళ్లు" అన్నాడు. మోసినవాళ్లే కాదు, మునిగినవాళ్లూ ఉన్నారు. దాదాపు 90 ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. మా మడి తడవాలని ఎవరో తమ మడి, గుడి, ఇల్లు వదిలి లేచిపోయారు. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకు గుర్తుకొస్తుంది, రావాలి కూడా.

ఇప్పుడు అసలు విషయం. కరెంటు తీసే నీళ్లూ, కాలువకు పారే నీళ్లూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. కుడి ఒడ్డున డ్యాం కింది పవర్‌హౌస్‌లో టర్బైన్లు తిప్పిన నీళ్లు ఒక పవర్ కాలువలో పడి హంపి పవర్‌హౌస్ దాకా పోతాయి, అక్కడ ఇంకోసారి కిందికి దూకి కరెంటునిస్తాయి. ఈ రెండూ కలిపి 72 మెగావాట్లు. దిగువ కాలువ, అంటే ఎల్లెల్సీ, ఈ టర్బైన్లు దాటొచ్చిన నీళ్లతోనే కర్నూలు వైపు సాగుతుంది. ఒకే నీళ్లకు రెండు పనులు, ఎంత మంచి ఏర్పాటు! మా కాలువకు అది కుదరదు. తుంగభద్ర పరివాహకం దాటి పెన్న పరివాహకంలోకి, పంపు అనేదే లేకుండా, వాలు మీద నడుచుకుంటూ రావాలంటే జలాశయంలో పైనుంచే బయల్దేరాలి. కిందికి దూకి కరెంటు ఇచ్చేస్తే ఆ నీళ్లు మళ్లీ మా ఎత్తుకు ఎక్కవు. ఎత్తే మా బలం, ఎత్తే మా బలహీనత కూడా, ఎందుకంటే డ్యాంలో మట్టం తగ్గుతూ వస్తే దిగువ కాలువకంటే ముందు ఎండేది మా తూమే.

ఈ ఎత్తు విలువ ఎంతో తెలియాలంటే హంద్రీ-నీవా చూడండి. శ్రీశైలం నీళ్లను మా జిల్లాకు తేవడానికి మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తుతున్నారు, ప్రతి చుక్కకూ కరెంటు ఖర్చే. హంద్రీ-నీవా మాకు కావాలి, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ కరెంటు అవసరం లేకుండా వచ్చే పై కాలువను కాపాడుకోకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

కట్టినప్పుడు డ్యాం సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). ఇప్పటి లెక్క 105.788. పోయినదంతా పూడిక, కొండల్లోంచి, పొలాల్లోంచి కొట్టుకొచ్చిన ఒండ్రు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన ట్రిబ్యునల్ లెక్కలో హెచ్చెల్సీ కింద మన రాష్ట్రానికి 32.5 టీఎంసీలు. అంటే మా వాటాకంటే కాస్త తక్కువ, దాదాపు అంత నీళ్ల చోటు మట్టి ఆక్రమించింది. వాటా కాగితం మీద అలాగే ఉంది, నీళ్లు మాత్రం ప్రతి ఏడూ దామాషా ప్రకారం తగ్గించి ఇస్తారు. మళ్లీ అందులోంచే మా జిల్లాలోని పెన్న అహోబిలం జలాశయానికి (పీఏబీఆర్), మిడ్ పెన్నార్ జలాశయానికి, తాగునీటి పథకాలకు పోవాలి. అనంతపురంలో కుళాయి తిప్పే చాలామందికి ఆ నీళ్లు హొస్పేట నుంచి వస్తున్నాయని తెలియదు.

కర్ణాటక సరిహద్దు దాటి కాలువ మనలోకి వచ్చేది 105వ కిలోమీటరు దగ్గర, బొమ్మనహాళ్ మండలంలో. అక్కడ నీళ్లు కొలుస్తారు. డ్యాం దగ్గర వదిలినదానికీ ఇక్కడికి చేరినదానికీ తేడా ఎప్పుడూ ఉంటుంది, కొంత ఇంకుడు, కొంత ఆవిరి, కొంత దారిలో మోటార్లు. మోటార్లు పెట్టిన రైతును తిట్టడానికి నాకు నోరు రాదు, అతనూ మాలాంటివాడే. కానీ చివరి ఆయకట్టులో కూర్చుని ఎదురుచూసేవాడికి ఆ తేడా ఒక తడి. ఒక్క తడి అందకపోతే వెన్ను మీదున్న వరి తాలుపోతుంది. మా ఇంట్లో ఒక ఏడు అదే జరిగింది. లైనింగ్ దెబ్బతిన్న చోట గండి పడబోతోందని ఊరివాళ్లు రెండుసార్లు చెప్పొచ్చారు, మూడోసారి వెళ్లేలోపే గండి పడింది. ఆ ఏడు నాయన బుడ్డలు, అంటే వేరుశనగ, అమ్మిన డబ్బుతో ఇంటికి బియ్యం కొన్నాడు. మడి ఉన్నవాడు బియ్యం బస్తా మోసుకుంటూ ఊళ్లోకి రావడం ఎంత కష్టంగా ఉంటుందో నేను చూశాను.

గేటు సంగతికి వస్తాను. గొలుసు తెగి పందొమ్మిదో గేటు పోయాక, కట్ట మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తాల్సి వచ్చింది. జలాశయం సగం ఖాళీ చేస్తేనే కొత్తది పెట్టగలమని మొదట్లో అన్నారు. అప్పుడు కన్నయ్యనాయుడు అనే రిటైరైన గేట్ల నిపుణుడు వచ్చి, నీళ్లు ఉరుకుతుండగానే ఉక్కు స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దించి, వారం రోజుల్లో ఆ సందు మూయించాడు. అప్పటికే ముప్పై టీఎంసీలకు పైగా పోయాయి, కానీ ఆ ఏడు పైనుంచి వరద మళ్లీ వచ్చింది కాబట్టి పంట దక్కింది. మా ఊళ్లో ఆయన పేరు ఇప్పుడు ఇంటి మనిషి పేరులా పలుకుతారు. డెబ్బై ఏళ్ల గేట్లను డెబ్బై ఏళ్లూ ఎవరో ఒకరు రోజూ చూసుకుంటూ ఉండాల్సింది, అదే నా బాధ. 2025లో జాగ్రత్త కోసం 80 టీఎంసీల దగ్గరే నిల్వ ఆపారు, 33 గేట్లూ మార్చాలని నిర్ణయించారు. మంచిదే. కానీ మట్టం తగ్గితే ముందు నష్టపోయేది పై కాలువేనని ఆ నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర ఎవరైనా గట్టిగా చెప్పాలి.

ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. వానాకాలంలో రోజూ పొద్దున నేను డ్యాం మట్టం చూసి నాయనకు వాట్సాప్‌లో పంపుతాను. నిండు మట్టం 1633 అడుగులని ఆయనకు నోటికొచ్చు. పంపిన నిమిషానికే ఫోన్ వస్తుంది. "ఇన్‌ఫ్లో ఎంత రా? పై కాలువకు ఎంత వదిలినారు?" ఆ రెండో అంకె చెప్పాకే కాఫీ తాగుతాడు.