పాపకి వినపడింది, నాకు వినపడలేదు

మేముండేది వైజాగ్ ఎండాడలో, బాల్కనీ కంబాలకొండ అడవి వైపుకి ఉంటుంది, వానలు మొదలయ్యాయంటే రాత్రి ఎనిమిది దాటాక ఆ వైపంతా ఒకటే రొద. కీచురాళ్ళు, కప్పలు, మధ్యలో హైవే మీద లారీలు, ఇన్నాళ్ళూ అదంతా ఒకటే గోల కింద లెక్కేసుకుని ఫ్యాన్ పెంచుకుని పడుకునేవాణ్ణి. మొన్న శనివారం కరెంటు పోయి బాల్కనీలో కూర్చున్నాం, మా తొమ్మిదేళ్ళ పాప మనీప్లాంట్ కుండీ దగ్గరకెళ్ళి చెవులు మూసేసుకుని "నాన్నా, ఇదేంటి ఇంత గట్టిగా అరుస్తోంది" అంది. ఏది అరుస్తోందే? నాకేం వినపడట్లేదు.

ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఆకు మీద ఇంకో ఆకులా కూర్చునుంది. వేలంత పొడుగు, లేతాకుపచ్చ, రెక్కల మీద అచ్చం ఆకుకున్నట్టే ఈనెలు, ఒంటికన్నా పొడుగు మీసాలు, వెంట్రుకలంత సన్నం. రెక్కలు వీపు దగ్గర కొంచెం పైకి లేచి వణుకుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ వణుకుతున్నాయి. పాప కళ్ళు మూసుకుని "ఆపింది... మళ్ళీ మొదలెట్టింది" అని చెప్తుంటే సరిగ్గా రెక్కలతో కలుస్తోంది. నాకు మాత్రం టీవీ మ్యూట్‌లో పెట్టినట్టే ఉంది. ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ ఒకటి వేస్తే 15 కిలోహెర్ట్జ్ (సెకనుకి 15 వేల కంపనాలు) పైన మందంగా గీత వచ్చింది. అంటే దానిది తప్పు కాదు, నాదే. నాకు 48, పైగా పదిహేనేళ్ళు మెషిన్ల హోరులో పనిచేశాను, ఇయర్‌ప్లగ్స్ ఇచ్చేవారు, అవి జేబులోనే ఉండేవి. చెవిలో ముందు పోయేవి ఈ పై స్వరాలే.

మా అమ్మ దీన్ని గొల్లభామ అంటుంది, వాచ్‌మన్ మిడత అంటాడు. ఇంగ్లీషులో బుష్ క్రికెట్, అమెరికా వాళ్ళకి కాటిడిడ్. మిడతకి మీసాలు పొట్టిగా ఉంటాయి, ఇది కీచురాయికి దగ్గర చుట్టం. చాలా జాతుల్లో పాడేది మగదే, అదీ నోటితో కాదు. ఎడమ రెక్క అడుగున రంపంలాంటి వరస పళ్ళుంటాయి, కుడి రెక్క అంచుతో వాటిని గీకుతుంది. కీచురాయికి మామూలుగా కుడి రెక్క పైన, దీనికి ఎడమది పైన.

ఇక చెవులు. ముందు కాళ్ళలో ఉంటాయి, మోకాలి కింద, కాలికి రెండు కర్ణభేరుల చొప్పున మొత్తం నాలుగు! పైగా ఛాతీ పక్కన ఒక రంధ్రం, అక్కణ్ణుంచి కాలిదాకా గాలి గొట్టం, అంటే ఒకే శబ్దం కర్ణభేరికి బయటి నుంచీ లోపలి నుంచీ తగులుతుంది. 2012లో కొలంబియాకి చెందిన గోర్గోనా దీవిలోని బుష్ క్రికెట్ ఒకదాని చెవిని పరీక్షిస్తే ఇంకో విషయం బయటపడింది. మన చెవిలో కర్ణభేరి, చిన్న ఎముకల మీటలు, ఆ తర్వాత నీళ్ళు నిండిన నత్తగుల్లలాంటి గొట్టం, అందులో ఒక్కో చోట ఒక్కో స్వరం. దాని కాలిలోనూ అంతే, భేరి, మీటలా ఊగే పలక, ద్రవం నిండిన సంచీ, స్వరాల వరస, ఆ వరస మొత్తం ఒక మిల్లీమీటరు కూడా లేదు. మన వంశం, దాని వంశం విడిపోయి 50 కోట్ల ఏళ్ళ పైమాటే, ఒకళ్ళని చూసి ఒకళ్ళు కాపీ కొట్టింది కాదు, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళి ఒకే ఇంటి ముందు దిగారు.

మరి ఇవి ఎప్పుడూ ఇంత పై స్వరంలోనే పాడేవా? మొదట్నుంచీ అలా లేదు. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో దొరికిన 16.5 కోట్ల ఏళ్ళ నాటి బుష్ క్రికెట్ శిలాజంలో రెక్క పళ్ళు కూడా కనిపించాయి, వాటిని కొలిచి ఆ పురుగు 6.4 కిలోహెర్ట్జ్ దగ్గర పాడేదని లెక్కగట్టారు. అదైతే నాకూ వినపడేది! ఇప్పుడున్నవాటిలో 150 కిలోహెర్ట్జ్ దగ్గర పాడేవి కూడా ఉన్నాయి, అది పాపకీ వినపడదు. ఈలోపు గబ్బిలాలు వచ్చాయి, పాట వినపడితే భోజనం అక్కడున్నట్టే. అందుకే మధ్య అమెరికా అడవుల్లో కొన్ని మగవి పాట బాగా తగ్గించి, కూర్చున్న కొమ్మని ఊపి ఆడదానికి కబురు పంపిస్తాయి.

ఇక్కడిదాకా చదివి పాడేదే చస్తుంది కదా అనుకున్నాను. కాదట. బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో రోహిణీ బాలకృష్ణన్ గారి బృందం గబ్బిలాలు తిని పడేసిన రెక్కలవీ లెక్క చూస్తే, నోరు మెదపని ఆడవే ఎక్కువ బలైపోతున్నాయని 2015లో తేలింది. పాట వచ్చిన చోటికి ఎగిరి వెళ్ళాల్సింది అవే కదా. అదే బృందం అంతకుముందు దక్షిణ భారతంలోని మెకోపోడా అనే రకాన్ని చూసింది, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా పాటలు మాత్రం వేరు, ఒకదానికి ట్రైన్ అని, ఇంకోదానికి హెలికాప్టర్ అని పేర్లు పెట్టారు. మనం చూసి ఒకే జాతి అనుకుంటాం, వాటికి మాత్రం ఎవరి మనిషి ఎవరో పాటలోనే తెలిసిపోతుంది. వైజాగ్ స్టేషన్ అనౌన్స్‌మెంట్ల గోలలో మన ట్రైన్ నంబరు పట్టుకున్నట్టే అన్నమాట.

మర్నాడు వాచ్‌మన్‌కి ఇదంతా చెప్తే ఆయన నమ్మలేదు. "ఏటి బాబూ, కాళ్ళల్లో సెవులేటి, నడిస్తే మట్టి ఎలిపోదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. చాలా జాతుల్లో భేరి మీద చిన్న చిప్పలాంటి మూత ఉంటుంది, సన్నటి చీలిక మాత్రమే తెరిచి ఉంటుంది. ఆ గోర్గోనా పురుగులోనే ఆ మూతలు గబ్బిలాల కేకల్ని పట్టే గరాటుల్లా పనిచేస్తాయని 2022లో తేల్చారు. ఇది విని ఆయన "అయితే మనకన్నా నయమే" అని మోటర్ వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

కుండీ మీది పురుగు రెండ్రోజులకి కింద వేపచెట్టు మీదకి మారిందట, పాప చెప్పింది, నాకెలా తెలుస్తుంది. రోజూ రాత్రి హోంవర్క్ అయ్యాక లెక్కల నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసి పెడుతోంది. నిన్నటిది చూశాను. 8.10కి 1, 8.40కి 2, నాన్నకి 0.