హన్మకొండ నీళ్లు, అరకు గింజలు

పోర్-ఓవర్ కాఫీ, అంటే వడగట్టే కాగితంలో పొడి వేసి పైనుంచి వేడి నీళ్లు పోసి దించే కాఫీ, ఎలా పెట్టాలని ఎవరడిగినా నేను నీళ్ల దగ్గరే మొదలుపెడతాను. మాది హన్మకొండ. మా బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నం తెల్లగా పేరుకుంటుంది. ఆ నీళ్లలోని బైకార్బొనేట్ కాఫీ పులుపును విరిచేస్తుంది. అరకు గింజలకు అంత డబ్బు పెట్టి, ఆ పండు పులుపే నాలుకకు తగలకపోతే ఏం లాభం? పోనీ అని ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోస్తే కాఫీ చప్పగా దిగుతుంది. రుచి దిగాలంటే నీళ్లలో కాస్త కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. అందుకే బోరు నీళ్లు బాగా మరగబెట్టి, సున్నం అడుగుకు దిగాక పైన తేరినవి ఒక వంతు, ఆర్‌ఓవి మూడు వంతులు కలుపుకుంటాను.

కాగితం పెట్టే గరాటు, అదే ఖరీదైన డ్రిప్పర్ లేదని టెన్షన్ పడకండి. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితం వేసి కాఫీ వడగట్టింది. డబ్బులుంటే గ్రైండర్ మీద పెట్టండి. చికోరీ కలిపిన మెత్తటి పొడి వేస్తే కాగితంలో నీళ్లు నిలిచిపోతాయి. అప్పటికప్పుడు, బొంబాయి రవ్వంత పలుకుగా పట్టుకోవాలి.

కాగితాన్ని వేడి నీళ్లతో తడిపి, ఆ నీళ్లు పారబోయాలి. 15 గ్రాముల పొడికి 240 గ్రాముల నీళ్లు నా లెక్క. ముందు 45 గ్రాములే పోసి ఆగుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. పొడి మెల్లగా ఉబ్బుతుంది, బుడగలు లేచి పగులుతాయి, వంటిల్లంతా వాసన. వేయించినప్పుడు గింజలో చిక్కిన కార్బన్ డయాక్సైడ్ అలా బయటికొస్తుంది. అది పోకముందే నీళ్లు కుమ్మరిస్తే పొడి సరిగా తడవదు. అసలు ఉబ్బలేదంటే గింజలు చాలావరకు పాతవే. ప్యాకెట్ మీది రాతకన్నా ఈ ఉబ్బునే నమ్ముతాను.

ముప్పావు నిమిషం తర్వాత నడిమి నుంచి గుండ్రంగా, సన్నటి ధారతో మిగతావి పోయాలి. మూడు నిమిషాలకు అటూ ఇటూగా దిగిపోవాలి. త్వరగా దిగి పుల్లగా ఉంటే ఇంకాస్త సన్నంగా, ఆలస్యమై చేదెక్కితే కొంచెం బరకగా పట్టండి.

“గీ నల్లనీళ్లల్ల పాలెప్పుడు పోస్తవ్ బిడ్డా?” అంటుంది మా అత్తమ్మ. ఆమెకు అదే పొడికి 150 గ్రాముల నీళ్లే పోసి, చిక్కగా దించి, వేడి పాలు కలిపిస్తాను.