తాళం తీసినా ఆగని పాత ట్రక్కు

అమెరికాలోనో కెనడాలోనో గ్యారేజీ పనికి కుదిరిన మన మెకానిక్‌ని మొదట్లోనే తికమక పెట్టే మాట ఒకటుంది. పాత పికప్ తెచ్చినాయన "ఇది డీజిలింగ్ చేస్తోంది" అంటాడు. బానెట్ ఎత్తితే లోపల ఉన్నది పెట్రోల్ ఇంజన్, నెత్తిన కార్బొరేటర్. లారీల మీద చెయ్యి తిరిగినవాళ్లు డీజిల్ పంపు ఎక్కడుందా అని వెతుకుతారు. ఆయన చెప్పేది వేరు. తాళం ఆఫ్ చేశాక కూడా ఇంజన్ గడగడా కొట్టుకుంటూ, బండంతా ఊగిపోతూ ఇంకాసేపు ఆడి, చివర్లో వెనక్కి ఒక తన్ను తన్ని ఆగుతోంది. స్పార్క్ లేకుండా వేడికే పెట్రోల్ అంటుకుంటోంది కాబట్టి ఆ పేరు. రన్ ఆన్ అన్నా ఇదే.

1970ల నాటి ట్రక్కుల్లో ఈ జబ్బు ఎక్కువ. పొగ నిబంధనల కోసం అప్పట్లో మిశ్రమంలో పెట్రోల్ తగ్గించారు, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) వెనక్కి జరిపారు, ఐడిలింగ్ (బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ వేగం) పెంచారు, ఇంజన్‌ని ఇంకాస్త వేడిగా నడిపించారు. నాలుగూ రన్ ఆన్‌కి దారి తీసేవే.

చాలా చోట్ల చేసే వైద్యం ఐడిల్ స్క్రూ రెండు చుట్లు వదిలేసి బండి పంపేయడం. అది తప్పు. థ్రాటిల్ (ఇంజన్‌కి గాలి దారిని తెరిచి మూసే పలక) అంత తెరుచుకుని ఎందుకు కూర్చుందో కనుక్కోకుండా మూసేస్తే రేపు సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, ఓనరే మళ్లీ స్క్రూ బిగిస్తాడు, కథ మొదటికొస్తుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు తేల్చాల్సింది ఒకటే: ఇంజన్‌ని ఆడిస్తున్నది కరెంటా, వేడా? మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర వైరు స్పార్క్ పుట్టించే కాయిల్ ప్లస్‌కి పెట్టండి. జీఎం హెచ్‌ఈఐ (జనరల్ మోటార్స్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ అయితే సాధారణంగా కాయిల్ మూతలోనే ఉంటుంది, "బ్యాట్" అని రాసున్న టెర్మినల్ చూడాలి. తాళం ఆఫ్ చేశాక ఇంజన్ ఆడుతూ ఉండగా మీటర్ సున్నాకి పడిపోతే అది వేడి పనే. వోల్టులు అలాగే నిలబడితే కార్బొరేటర్‌ని ముట్టుకోనే వద్దు. చెవికి కూడా తేడా తెలుస్తుంది: కరెంటు మీద నడిచేది మామూలు ఐడిలింగ్‌లా నున్నగా ఆడుతుంది, వేడి మీద ఆడేది తడబడుతుంది.

కరెంటు నిలిచి ఉంటే ముందు ఇగ్నిషన్ స్విచ్, తర్వాత ఆల్టర్నేటర్. పాత ట్రక్కుల్లో బయటి రెగ్యులేటర్ పీకేసి, రెగ్యులేటర్ లోపలే ఉండే జీఎం 10ఎస్ఐ ఆల్టర్నేటర్ పెట్టుకోవడం మామూలే. దాని 1వ నంబరు వైరు ఛార్జింగ్ లైటు మీదుగా రావాలి. లైటు లేకుండా నేరుగా ఇగ్నిషన్‌కి కలిపేస్తే తాళం తీశాక ఆల్టర్నేటరే వెనక్కి కరెంటు పంపి కాయిల్‌ని నడిపిస్తుంది. ఆ రెండు పిన్నుల ప్లగ్ పీకి, స్టార్ట్ చేసి, ఆఫ్ చేయండి. టక్కున ఆగితే దొంగ దొరికినట్టే. లైటుని మళ్లీ దారిలో పెట్టండి. లైటు లేని బండిలో ఆ వైరులో 6 ఆంపియర్ల డయోడ్ వేసి, గీత ఉన్న కొసని ఆల్టర్నేటర్ వైపు ఉంచితే చాలు. ఇంజెక్షన్ ఇంజన్ తాళం తీశాక నడుస్తున్నా ముందు ఈ కరెంటు దారే పట్టుకోవాలి, రిలే కాంటాక్టులు అతుక్కున్నాయేమో చూడాలి.

మీటర్ సున్నా చూపితే అసలు పని కార్బొరేటర్ దగ్గర మొదలవుతుంది. థ్రాటిల్ లింకు పక్కన చిన్న డబ్బాలాంటి సోలినాయిడ్, దానికో వైరు ఉందేమో చూడండి. తాళం ఆన్‌లో ఉన్నంతసేపు దాని పుల్ల బయటికి పొడుచుకుని థ్రాటిల్‌ని ఐడిలింగ్ దగ్గర ఆపుతుంది. ఆఫ్ చేయగానే లోపలికి పోతుంది, థ్రాటిల్ ఇంకాస్త మూసుకుంటుంది, గాలీ పెట్రోలూ అందక ఇంజన్ చస్తుంది. పరీక్ష ఇంజన్ ఆపి చేయాలి. తాళం ఆన్ చేసి, థ్రాటిల్‌ని చేత్తో కొద్దిగా తెరవండి. పుల్ల బయటికొచ్చి అక్కడే నిలబడాలి. వైరు పీకితే వెనక్కి పోవాలి. థ్రాటిల్‌ని తనంతట తాను నెట్టే బలం దానికి ఉండదు. ఈ సంగతి తెలియక మంచి సోలినాయిడ్లు ఎన్నో చెత్తబుట్టలో పడతాయి. పుల్ల రాకపోతే వైరులో 12 వోల్టులు ఉన్నాయా, బ్రాకెట్ తుప్పు పట్టి ఎర్త్ పోయిందా చూడండి. అచ్చం ఇలాగే ఉండి, ఏసీ వేసినప్పుడు మాత్రమే ఐడిలింగ్ ఎత్తే సోలినాయిడ్ కొన్ని బండ్లలో ఉంటుంది. రెంటినీ కలిపేయకండి. యూరప్ తరహా కార్బొరేటర్లలో సోలినాయిడ్ నేరుగా ఐడిల్ జెట్‌నే మూస్తుంది. ఐడిలింగ్‌లో దాని వైరు పీకగానే ఇంజన్ ఆగాలి.

సెట్టింగ్ రెండు మెట్లు. ఇంజన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక, వైరు తగిలించి ఉండగా సోలినాయిడ్‌తో మామూలు ఐడిలింగ్ పెట్టాలి. తర్వాత వైరు పీకి, కార్బొరేటర్ స్క్రూతో తక్కువ ఐడిలింగ్ పెట్టాలి. 700, 500 లాంటి అంకెల జత ఉంటుంది గానీ అసలు అంకె బానెట్ కింది స్టిక్కర్ మీదే ఉంటుంది. గేరు డి (డ్రైవ్)లో పెట్టి చూడాలా, న్యూట్రల్‌లోనా అన్నదీ అక్కడే రాసుంటుంది. డి అని ఉంటే హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి చెక్క అడ్డం పెట్టి, లోపల ఒకరిని బ్రేక్ మీద కూర్చోబెట్టాలి.

కానీ ఐడిలింగ్ కంటే ముందు టైమింగ్ చూడాలి. ఈ వరస తప్పితే చేసిందంతా వృథా. టైమింగ్ వెనకబడితే ఇంజన్ నీరసిస్తుంది, ఆ నీరసాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో థ్రాటిల్ ఎత్తి పెట్టి ఉంటారు, పైగా ఎగ్జాస్ట్ వేడీ పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ అడ్వాన్స్ పైపు పీకి, కొస మూసి, టైమింగ్ లైటుతో స్టిక్కర్ అంకెకి తేవాలి. ఐడిలింగ్ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు స్క్రూ తగ్గించుకునే చోటు దొరుకుతుంది. టైమింగ్ నిలకడగా నిలవకపోతే టైమింగ్ చైను సంగతి చూడండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్ బోల్టుని స్పానర్‌తో ఒక వైపు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. రోటర్ కదిలేలోపు క్రాంక్ 10 డిగ్రీలు దాటి ఊరికే తిరిగితే చైను సాగిపోయింది.

ఆ తర్వాత మిశ్రమం. మిశ్రమం స్క్రూలు మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, ఇంజన్ పీల్పుని చూపే వాక్యూమ్ గేజ్ ముల్లు ఎక్కువగా లేచే చోట ఆపాలి. మంచి ఇంజన్ సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) నిలకడగా చూపుతుంది. స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్ పట్టించుకోకపోతే కార్బొరేటర్ దింపి బోర్లా పెట్టి చూడండి. థ్రాటిల్ పలక అంచు దగ్గర గోడలో సన్నగా నిలువు గాడి కనిపిస్తుంది. ఐడిలింగ్‌లో పలక కింద ఆ గాడి చిన్న చదరంలా, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా కనిపిస్తే సరి. పొడుగ్గా తెరుచుకుని ఉంటే తాళం తీశాక కూడా పెట్రోల్ ఆ గాడిలోంచే పోతోంది. పలకని ఆ చదరం దగ్గరికి తెచ్చి, మళ్లీ మొదటి నుంచి సెట్ చేయాలి.

గాలి లీకులు కూడా మిశ్రమాన్ని పలచన చేసి వేడి పెంచుతాయి. పీసీవీ పైపు (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంజన్‌లోకి తెచ్చేది), బ్రేక్ బూస్టర్ పైపు, కార్బొరేటర్ కింది గాస్కెట్ చూడండి. వేడి ఇంజన్ మీద స్ప్రే కొట్టి వెతకడం నిప్పుతో ఆట. పైపుల్ని ఒక్కొక్కటిగా నొక్కి, గేజ్ ముల్లు కదిలిందా చూడటం మేలు.

ఇక వేడి ఎక్కడ దాక్కుందో చూడాలి. ప్లగ్గులు తీసి చూస్తే పింగాణీ తెల్లగా బొబ్బలెక్కి ఉందంటే అవి ఆ ఇంజన్‌కి మించిన వేడి ప్లగ్గులు (వేడిని ఎక్కువగా నిలుపుకునేవి), లేదా ఇంజనే అతిగా కాగుతోంది. ఒక మెట్టు చల్లటివి కొనేటప్పుడు అంకెల తిరకాసు గుర్తుంచుకోండి. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లన. ఛాంపియన్, ఏసీ డెల్కోల్లో అంకె పెరిగితే వేడి. ఒకదానికి అలవాటుపడినవాళ్లు రెండోదాన్ని సరిగ్గా తలకిందులుగా కొంటారు. కొన్ని వీ8లలో ఎగ్జాస్ట్ దగ్గర బరువూ స్ప్రింగూ ఉన్న హీట్ రైజర్ కవాటం ఉంటుంది. అది మూసుకునే బిగుసుకుపోతే వేడంతా కార్బొరేటర్ కిందికే పోతుంది. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే తిరగాలి. థర్మోస్టాట్, రేడియేటర్ ఎలాగూ చూస్తారు.

కంప్రెషన్ అన్ని సిలిండర్లలోనూ ఉండాల్సిన దానికంటే ఎక్కువ వస్తే పిస్టన్ నెత్తిన మసి గట్టిగా పేరుకుంది. వేడి ఇంజన్‌ని 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి, స్ప్రే సీసాతో నీళ్లని పొగమంచులా కొద్దికొద్దిగా, అర లీటరు పది నిమిషాల్లో అయ్యేలా కొడితే కొంత రాలుతుంది. ధారగా పోస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

పెట్రోల్ గురించి ఒక్క మాట. ఇక్కడ పంపు మీద కనిపించే 87 ఆక్టేన్, మన దేశంలో వాడే రాన్ లెక్కలో దాదాపు 91కి సమానం. రాన్ అంకెకి అలవాటుపడినవాళ్లు 87 చూసి కల్తీ అనుకోవద్దు. ఒక ట్యాంకు పై గ్రేడు పోస్తే లక్షణం తగ్గవచ్చు. అది పరీక్షగా పనికొస్తుంది, మరమ్మతు మాత్రం కాదు.

పని పూర్తయ్యేదాకా ఓనర్‌కి చెప్పాల్సిన జాగ్రత్త: ఆటోమేటిక్ అయితే బ్రేక్ గట్టిగా తొక్కి, డిలోనే ఉంచి ఆఫ్ చేసి, తర్వాత పార్క్‌లో పెట్టాలి. మాన్యువల్ అయితే టాప్ గేరులో బ్రేక్ తొక్కి క్లచ్ వదలాలి. కార్బొరేటర్ నోరు చేత్తో మూయకూడదు, మంట పైకి తన్నవచ్చు. "కాసేపు ఆడితే ఏమవుతుందిలే" అనే ఓనర్‌కి చెప్పండి, ఇంజన్ వెనక్కి తిరిగిన ఆ క్షణాల్లో ఆయిల్ పంపు కూడా వెనక్కే తిరుగుతుంది, బేరింగులకి ఆయిల్ అందదు.

బండి ఇచ్చే ముందు 20 నిమిషాలు రోడ్డు మీద తిప్పి, రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి. ఇలా మూడుసార్లు చేసి, అందులో ఒకసారి ఏసీ వేసి చూడండి. టైమింగ్ డిగ్రీ, వైరు ఉన్నప్పటి ఐడిలింగ్, వైరు పీకినప్పటి ఐడిలింగ్, మూడంకెలూ జాబ్ కార్డు మీద రాయండి.