నడుము కొలతను గమనించండి

పురుషులలో కొవ్వు పొట్ట లోపల, కాలేయంలో త్వరగా పేరుకుంటుంది కనుక, స్త్రీలతో పోలిస్తే తక్కువ బరువు వద్దనే వారికి టైప్ 2 మధుమేహం రావచ్చు. అందుకే నేను తూకం కంటే నడుము కొలతనే ఎక్కువగా నమ్ముతాను. పరగడుపున రక్తంలో చక్కెర డెసీలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య ఉంటే అది మధుమేహానికి ముందు దశ. 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మధుమేహ ముప్పు ఎక్కువగా ఉన్నవారు శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకోగా, వ్యాధి బారిన పడడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గినది 31 శాతమే. (అయినా మాత్ర గురించి అడిగేవారే ఎక్కువ!) ఆహారంలో ముందుగా మానవలసినవి తీపి పానీయాలు. భోజనం తరువాత కాసేపు నడిస్తే, కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి. పొగతాగడం కూడా ఈ ముప్పును పెంచుతుంది.