ఆర్వీలో చలికాలం ఆరిజోనాకి: ఇంటి దగ్గర నీళ్లు నింపకండి

డెట్రాయిట్ చుట్టుపక్కల నుంచి చలికాలం గడపడానికి ఆరిజోనా ఎడారికి ఆర్వీలో, అంటే చక్రాల మీది ఇల్లులాంటి బండిలో, వెళ్లే రిటైరైన జంటకి ముందుగా చెప్పాల్సిన మాట ఇదే: ఇంటి దగ్గర ట్యాంకులో నీళ్లు పట్టకండి. అక్టోబరులో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా ఎక్కించిన గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవాన్ని అలాగే ఉంచి బయల్దేరండి. ఇంజిన్ హీటరు వేడి ముందు రెండు సీట్ల దాకానే వస్తుంది. బాత్రూం గోడ వెనక, సింకు కింద, బండి అడుగున ఉన్న గొట్టాలకి అది అందదు. ఒహాయోలో ఒక్క రాత్రి పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోతే చాలు, ముందు పంపు పగులుతుంది, తర్వాత టాయిలెట్ వెనకాల ఉండే ప్లాస్టిక్ వాల్వు. పగిలిన సంగతి మాత్రం టెక్సస్‌లో మంచు కరిగి నేల తడిసినప్పుడే తెలుస్తుంది. పైగా గ్యాలన్ నీళ్ల బరువు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్లంటే 330 పౌండ్ల పైమాటే, ఆ బరువుని రెండు వేల మైళ్లు మోయడం దేనికి?

మొదటి మూడు నాలుగు రోజులకి తాగడానికీ వంటకీ గ్యాలన్ డబ్బాలు ఆరు సరిపోతాయి. అవి సీట్ల దగ్గరే ఉండాలి, బయట అరలో పెడితే పొద్దున్నకి రాళ్లవుతాయి. టాయిలెట్‌లో పోయడానికి అదే గులాబీ ద్రవం ఒక మగ్గుడు. మగ్గు మనకేం కొత్త కాదు కదా.

ఆ గులాబీది ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే అయివుండాలి. కారు రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఆర్వీ గొట్టాల దగ్గరికి రానివ్వకండి. వాటర్ హీటరులోకి ద్రవం పోకుండా పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు తిప్పితే మొత్తం రెండు మూడు గ్యాలన్లతో పనైపోతుంది. తిప్పకపోతే ఆరు గ్యాలన్ల హీటరు ట్యాంకు నిండేదాకా డబ్బా మీద డబ్బా పోస్తూనే ఉండాలి. వేడి, చల్ల కుళాయిలు విడివిడిగా తిప్పి ప్రతిదాంట్లోనూ గులాబీ రంగు వచ్చిందో లేదో చూడాలి. బండి బయట ఉండే షవరుని అందరూ మర్చిపోతారు, పగిలేదీ ఎక్కువగా అదే.

ఇక దారి. ఫోన్లో మ్యాపు సెయింట్ లూయిస్, ఓక్లహోమా సిటీ, అమరిల్లో, ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా చూపిస్తుంది. దగ్గరి దారే, కానీ ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. జనవరిలో అక్కడ మంచు తుఫానుకి చిక్కితే రెండు రోజులు ట్రక్ స్టాపులోనే. ముందు దక్షిణానికి దిగి, ఆ తర్వాతే పడమరకి తిరగాలి: ఐ-75, ఐ-71, ఐ-65 హైవేల మీద నాష్‌విల్, ఐ-40 మీద లిటిల్ రాక్, ఐ-30 మీద డాలస్, అక్కడి నుంచి ఐ-20, ఐ-10 మీద ఎల్ పాసో, టూసాన్. అక్కడి నుంచి ఫీనిక్స్ మీదుగా ఎడారిలోని క్వార్ట్‌సైట్ దాకా మొత్తం 2,400 మైళ్ల దాకా అవుతుంది, దగ్గరి దారి కన్నా సుమారు 300 ఎక్కువ. ఫోర్డ్ ఈ-450 వ్యాను చట్రం మీద కట్టిన క్లాస్ సి రకం ఆర్వీ గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది. అంటే 270 గ్యాలన్ల పెట్రోలు లెక్క వేసుకోవాలి. ఎదురుగాలి వీస్తే ఇంకా ఎక్కువ.

రోజుకి 300 మైళ్లు, మధ్యాహ్నం మూడింటికల్లా ఆగడం, వీలైన చోట మూడు రాత్రులు ఉండడం, దీన్నే ఇక్కడివాళ్లు మూడు-మూడు-మూడు అంటారు. అరవై దాటినవాళ్లకి ఇందులో ముఖ్యమైనది రెండోది. చీకట్లో, వానలో బండి వెనక్కి తీస్తూ తెలియని చోట పెట్టుకోవడమంత చిరాకు ఇంకోటి లేదు. డాలస్‌లో బంధువుల ఇంటి ముందు బండి పెట్టేద్దామనుకుంటే ముందు వాళ్ల హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు కనుక్కోండి. ఫ్రిస్కో, ప్లేనో వైపు చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో ఆర్వీని రాత్రిపూట ఉంచనివ్వరు. సరుకులకి మాత్రం డాలసే సరైన చోటు. అక్కడి నుంచి పడమరకి వెళ్లేకొద్దీ మన ఇండియన్ కొట్లు పలచబడతాయి.

టైర్ల గాలి మిషిగన్‌లో 20 డిగ్రీల పొద్దున 80 పీఎస్ఐ పెట్టి బయల్దేరితే, ఆరిజోనాలో 70 డిగ్రీల పొద్దున అదే టైరు 90 దాకా చూపిస్తుంది. ఎడారి చేరాక, బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు తగ్గించుకోవాలి. దారిలో వేడెక్కిన టైరు నుంచి మాత్రం గాలి తీయకండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 3519 అంటే 2019లో 35వ వారం. గీతలు ఎంత కొత్తగా కనిపించినా ఏడేళ్లు దాటితే మార్చేయాల్సిందే.

న్యూమెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దాటాక రోడ్డు ఒక ఎండిన చెరువు మీదుగా పోతుంది. గాలి లేస్తే దుమ్ముకి ముందు బండి కూడా కనబడదు. అలాంటప్పుడు రోడ్డు దిగి వీలైనంత పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయాలి. లైట్లు వెలుగుతుంటే వెనకవాడు వాటినే దారి అనుకుని వచ్చి గుద్దుతాడు. ఆ ప్రాంతంలోనే బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉంటాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు దాన్ని వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. ఇంట్లో బీరువాలో భద్రంగా ఉందంటే కుదరదు.

నీళ్లు ఎక్కడ నింపాలి? ఊరు పేరుతో కాదు, వాతావరణ సూచనతో తేల్చుకోవాలి. రాబోయే మూడు రాత్రులూ నీళ్లు గడ్డకట్టే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఉండాలి. ఒక్కో ఏడు డాలస్‌లోనే కుదురుతుంది, ఒక్కో ఏడు టూసాన్ దాకా ఆగాలి, ఎందుకంటే పశ్చిమ టెక్సస్, లాస్ క్రూసెస్ వైపు నాలుగు వేల అడుగుల ఎత్తు.

నింపేటప్పుడు ముందు హీటరు ట్యాంకు బిరడా బిగించాలి. సబర్బన్ కంపెనీ హీటరైతే ఆ బిరడాతోనే యానోడ్ కడ్డీ ఉంటుంది, ట్యాంకుకి బదులు తుప్పు తినేది అదే. ముప్పాతిక భాగం తినేసి ఉంటే కొత్తది వేయండి. తర్వాత బైపాస్ వెనక్కి తిప్పి, పంపు వేసి, గులాబీ రంగు పోయేదాకా ప్రతి కుళాయీ వదలాలి. ఆ తర్వాత ట్యాంకు శుద్ధి: 15 గ్యాలన్లకి పావు కప్పు వాసన లేని మామూలు బ్లీచ్, 40 గ్యాలన్ల ట్యాంకుకి ముప్పాతిక కప్పుకి కొంచెం తక్కువ. ప్రతి కుళాయి దగ్గరా బ్లీచ్ వాసన తగిలాక కట్టేసి, రాత్రంతా ఉంచి, పొద్దున్న రెండుసార్లు కడగాలి.

ఇక్కడే ఏటా ఎవరో ఒకరు చేసే పొరపాటు ఒకటుంది. హీటరు ట్యాంకు నిండకముందే కరెంటు స్విచ్ వేసేస్తారు, నీళ్లు లేని ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది. వేడి కుళాయి తిప్పి చూడండి. ముందు బుస్సుబుస్సుమని గాలి, తర్వాత తుంపర, ఆ తర్వాత ధార. ఆ ధార గాలి లేకుండా నిలకడగా పడుతున్నప్పుడే స్విచ్.

క్వార్ట్‌సైట్ ఫీనిక్స్‌కి పడమరగా 125 మైళ్లు. ఊరంతా కలిపి చిన్నదే, చలికాలంలో చుట్టూ ఎడారి నిండా ఆర్వీలే. ప్రభుత్వ భూమి మీద రెండు రకాలుగా ఉండొచ్చు: ఊళ్లోంచి నాలుగు వైపులా ఉన్న ఉచిత స్థలాల్లో 14 రోజులు, లేదా ఊరికి దగ్గర్లోని లా పోసా అనే స్థలంలో పర్మిట్ కట్టి సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 లోపు ఎన్నాళ్లైనా. లా పోసాలో నీళ్లు పట్టుకోవచ్చు, ట్యాంకులు ఖాళీ చేసుకోవచ్చు, కరెంటు మాత్రం ఉండదు. రెండు నెలలు దాటి ఉండేవాళ్లకి పర్మిట్టే మేలు.

రాత్రి 40 దరిదాపుకి దిగుతుంది కాబట్టి ఫర్నేస్ తప్పదు. 30,000 బీటీయూల (వేడి కొలత) ఫర్నేస్ మండే ప్రతి గంటకీ గ్యాలన్‌లో మూడో వంతు ప్రొపేన్ పోతుంది. దాని ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. తెల్లారేసరికి బ్యాటరీ పడిపోవడానికి అసలు కారణం టీవీ అనుకుంటారు, ఈ ఫ్యాను సంగతి పట్టదు. లిథియం బ్యాటరీ ఉంటే 32 కింద ఛార్జ్ చేయకూడదని గుర్తుంచుకోండి.

మన వంటకి కొన్ని చిక్కులు వేరేగా ఉన్నాయి. గ్యాలన్ ప్రొపేన్ మండితే దాదాపు 0.8 గ్యాలన్ నీటి ఆవిరి పుడుతుంది. దానికి కుక్కర్ ఆవిరి కలిస్తే పొద్దున్నకి కిటికీల మీద నీళ్లు కారి పరుపు అడుగున బూజు పడుతుంది. వండేటప్పుడు పైకప్పు ఫ్యాను వేసి ఒక కిటికీ అంగుళం తెరవండి. పోపు పొగకి అలారం మోగుతుందని దాని బ్యాటరీ తీసేయడం మాత్రం వద్దే వద్దు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ పనికిరాదు. 120 వోల్టుల 750 వాట్ల మిక్సీకి 2,000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టరు ఉండాలి. ఎడారి చలికి ఇడ్లీ పిండి పులవదు, ఓవెన్లో పైలట్ మంట ఉంటే అందులో పెట్టండి.

టాయిలెట్లో నీళ్లు వాడే అలవాటు వల్ల 35 గ్యాలన్ల బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు పట్టేది) ఇద్దరికి వారం కన్నా ముందే నిండుతుంది. అయినా నీళ్లు తగ్గించకండి. తగ్గిస్తే అడుగున గుట్టలా గట్టిపడుతుంది. మూడింట రెండు వంతులు నిండాకే వాల్వు తెరవాలి. ముందు బ్లాక్, తర్వాత సింకు, షవరు నీళ్లు పట్టే గ్రే ట్యాంకు, ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. నూనె, ఆవకాయ అంటిన పళ్లాలు కడిగే ముందు కాగితంతో తుడవండి.

కరివేపాకు మొక్కని కుండీతో తేవద్దు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే సిల్లిడ్ పురుగు దాని మీద బతుకుతుంది. యూమా నిమ్మ, నారింజ తోటల ప్రాంతం, కాలిఫోర్నియా సరిహద్దులో అయితే బండి ఆపి మరీ తీసేసుకుంటారు. ఎండిన ఆకే దిక్కు.

తిరుగు ప్రయాణంలో ఇదంతా తలకిందులు. ఉగాది నాటికి మిషిగన్ చేరాలంటే మార్చి రాత్రులు ఇంకా గడ్డకట్టేవే. డాలస్ దాటకముందే ట్యాంకులు వదిలేసి, హీటరు ఖాళీ చేసి, గొట్టాల్లోకి మళ్లీ గులాబీ ఎక్కించాలి. అందుకు కావలసిన మూడు గ్యాలన్లూ వచ్చేటప్పుడే బండి కింది అరలో పడేసుకోండి.